కాఫీ మానితే తలనొప్పి ఎందుకు?

పార్సిప్పనీలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంటి యజమాని తెల్లవారి ఆరింటికి లేచి, స్టీలు గ్లాసు నిండా ఫిల్టరు కాఫీ తాగి, 80వ నంబరు రహదారి మీద కారు నడుపుకుంటూ ఆఫీసుకు వెళతాడు. అక్కడ మరి రెండు మగ్గులు. సాయంత్రం ఇల్లు చేరాక ఇంకొక గ్లాసు. కొంతకాలంగా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదనీ, అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోందనీ చెప్పుకుంటే డాక్టరు కాఫీ తగ్గించి చూడమన్నారు. తగ్గించడం ఎందుకు, మానేద్దామని ఆయన జనవరి ఒకటవ తేదీని ముహూర్తంగా పెట్టుకున్నాడు. డిసెంబరు 31 సాయంత్రం తాగినదే ఆఖరి కాఫీ.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఏ ఇబ్బందీ కలగలేదు. సాయంత్రానికి కణతల దగ్గర నొప్పి మొదలయింది. రెండవ రోజు తల దిమ్ముగా ఉండి, ఒళ్ళంతా బరువెక్కి, పిల్లలు ఏమడిగినా విసుగు వచ్చింది. మూడవ రోజు సాయంత్రం కూడా నొప్పి పూర్తిగా వదలలేదు. విజయవాడ నుండి వచ్చి ఉన్న తల్లి చూసి చూసి, “కాఫీ పడక వచ్చిన నొప్పిరా అది. ఒక్క గుక్క తాగు నాయనా, అదే పోతుంది” అని గ్లాసు చేతికిచ్చింది. ముప్పావుగంటలో నొప్పి మాయమయింది. “చూశావా, నా శరీరానికి కాఫీ అవసరమే” అని ఆయన తేల్చుకుని, మరునాటి నుండి యథాప్రకారం నాలుగు గ్లాసులకు తిరిగి వెళ్ళాడు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. స్వల్పమైన మార్పులతో అనేక ఇళ్ళలో జరిగేదే. ఇందులో తల్లి చెప్పిన కారణం అక్షరాలా నిజం. కొడుకు తేల్చుకున్న సిద్ధాంతం మాత్రం తప్పు. ఆ తేడా ఎక్కడున్నదో తెలుసుకుంటే కాఫీ మానదలచినవారికి సగం కష్టం తగ్గుతుంది. మానదలచుకోనివారికి కూడా తమ తలనొప్పుల గురించి ఒక సంగతి తెలిసివస్తుంది.

పొరుగూరి కథ

పార్సిప్పనీ వాసులకు కాఫీతో చిత్రమైన పొరుగు సంబంధం ఉన్నది. అమెరికాలో ఇన్‌స్టంట్ కాఫీని మొదటిసారిగా పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మిన వ్యక్తి పేరు జార్జి వాషింగ్టన్. తొలి అధ్యక్షుడు కాదు, బెల్జియంలో పుట్టి అమెరికాకు వలస వచ్చిన మరొక జార్జి వాషింగ్టన్. ఆయన 1910లో తన కాఫీ కంపెనీని స్థాపించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఆయన పొడిని విరివిగా కొన్నది. 1927లో ఆ కంపెనీ పార్సిప్పనీకి ఆనుకుని ఉన్న మోరిస్ ప్లెయిన్స్‌కు తరలివచ్చింది. 1943లో అది అమెరికన్ హోమ్ ప్రాడక్ట్స్ సంస్థ చేతిలోకి వెళ్ళింది. 1961లో ఆ పేరుతో కాఫీ తయారీ ఆగిపోయింది. వేడి నీళ్ళలో చెంచాడు పొడి కలుపుకుని క్షణంలో తాగే అలవాటు అమెరికాలో వ్యాపించడంలో ఈ పొరుగూరికి కొంత పాత్ర ఉన్నదన్నమాట.

పొడి ఏ రూపంలో ఉన్నా, అందులో నిద్రను ఆపేది ఒకే పదార్థం. దాని పేరు కెఫీన్.

కెఫీన్ అంటే ఏమిటి?

1819లో జర్మనీలో ఫ్రీడ్లీబ్ రూంగె అనే యువ రసాయనవేత్త కాఫీ గింజల నుండి ఈ పదార్థాన్ని వేరు చేశాడు. పరిశోధించి చూడమని ఆ గింజలను ఆయన చేతికిచ్చినవాడు మహాకవి గేటె. తరువాత 1895లో ఎమిల్ ఫిషర్ దీనిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేశాడు. ఈ జాతి రసాయనాల మీదా చక్కెరల మీదా చేసిన కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

శుద్ధమైన కెఫీన్ తెల్లని, చేదైన పొడి. ఒక్కొక్క అణువులో 8 కర్బన పరమాణువులు, 10 ఉదజని పరమాణువులు, 4 నత్రజని పరమాణువులు, 2 ఆమ్లజని పరమాణువులు ఉంటాయి. కాఫీ మొక్కలోనే కాక తేయాకులోనూ, కోకో గింజలోనూ, కోలా గింజలోనూ ఇది ఉన్నది. మొక్కలకు ఇది పురుగుల నుండి రక్షణ.

తాగిన కాఫీలోని కెఫీన్ సాధారణంగా గంటలోపుగా రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. దానిని విరిచి బయటికి పంపే పని ప్రధానంగా కాలేయానిది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఉన్న కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. ఈ లెక్కన సాయంత్రం ఐదింటికి 100 మిల్లీగ్రాములు తాగినవారి ఒంట్లో రాత్రి పదింటికి ఇంకా 50, తెల్లవారుజామున మూడింటికి 25 మిగిలి ఉంటాయి. పొగ తాగేవారిలో ఈ కాలం దాదాపు సగానికి తగ్గుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో సుమారు రెట్టింపవుతుంది. గర్భిణులకు నెలలు నిండేకొద్దీ ఇంకా పెరుగుతుంది. “నేను పడుకోబోయే ముందు తాగినా హాయిగా నిద్రపోతాను” అనే వారికీ, “మూడు దాటితే చుక్క ముట్టను” అనే వారికీ మధ్య తేడాకు ఇదొక కారణం.

మెదడులో తువ్వాలు వేసిన సీట్లు

మెదడు పనిచేసేటప్పుడు శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చులో అడినోసిన్ అనే పదార్థం పుడుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఇది మెల్లమెల్లగా పోగవుతూ ఉంటుంది. నాడీకణాల ఉపరితలం మీద దీనిని అందుకోవడానికి ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. అడినోసిన్ వచ్చి వాటిలో కూర్చుంటే నాడీకణాల చురుకుదనం తగ్గి, నిద్రమత్తు కమ్ముతుంది. మెదడులోని రక్తనాళాలు విచ్చుకోవడానికి కూడా అడినోసిన్ తోడ్పడుతుంది. ఇది ఒంటికి విశ్రాంతి కావాలని ప్రకృతి చేసే హెచ్చరిక.

కెఫీన్ అణువు ఆకారంలో అడినోసిన్‌ను కొంత పోలి ఉంటుంది. అందుచేత అదే గ్రాహకంలో చేరగలదు. కాని అడినోసిన్ చేసే పని అది చేయదు. మన ఊళ్ళలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం అందరూ ఎరిగినదే. తువ్వాలు ప్రయాణం చేయదు, టిక్కెట్టు కొనదు. కాని అది ఉన్నంతసేపూ అసలు ప్రయాణికుడు నిలబడవలసిందే. కెఫీన్ సరిగ్గా ఆ తువ్వాలు వంటిది. నిద్ర పుట్టించవలసిన అడినోసిన్ బయట నిలబడిపోతుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. కాఫీ కొత్తగా శక్తినేమీ ఇవ్వదు. అలసట వార్త చేరకుండా ఆపుతుంది, అంతే.

ప్రతిరోజూ ఇలా జరుగుతుంటే మెదడు ఊరుకోదు. సీట్లు చాలడం లేదని మరికొన్ని వేయిస్తుంది. అంటే అడినోసిన్ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. అందుకే మొదట్లో ఒక గ్లాసుతో వచ్చిన చురుకుదనానికి కొన్నాళ్ళకు రెండు గ్లాసులు కావలసివస్తాయి.

ఇప్పుడు ఒకనాడు తువ్వాళ్ళన్నీ ఒక్కసారిగా తీసివేస్తే ఏమవుతుంది? బయట వేచి ఉన్న అడినోసిన్ అంతా పాత సీట్లతో పాటు కొత్త సీట్లలోనూ కూర్చుంటుంది. మామూలు మనిషికి ఉండవలసిన దానికంటే మత్తు ఎక్కువవుతుంది. కెఫీన్ ప్రభావంతో ఇంతకాలం కుంచించుకుని ఉన్న మెదడు రక్తనాళాలు విచ్చుకుని, రక్తప్రవాహం పెరుగుతుంది. తలలో నాడి కొట్టుకుంటున్నట్లు నొప్పి వస్తుంది. మళ్ళీ ఒక గ్లాసు తాగితే తువ్వాళ్ళు తిరిగి పడతాయి, రక్తనాళాలు కుంచించుకుంటాయి, నొప్పి పోతుంది. తల్లి చెప్పిన మాట నిజమన్నది ఇందుకే.

కాని ఆ అదనపు సీట్లు శాశ్వతం కావు. అవసరం లేదని తెలిసిన కొద్ది రోజులలో మెదడు వాటిని తీసివేసుకుంటుంది. మానిన తరువాత వచ్చే బాధ ఈ సర్దుబాటు జరుగుతున్నదనడానికి గుర్తు. శరీరానికి కాఫీ అవసరమని చెప్పే సాక్ష్యం కాదు.

ఎప్పుడు మొదలు, ఎప్పటికి ముగింపు?

కాఫీ విరమణ తలనొప్పి వైద్యులకు చాలాకాలంగా తెలిసినదే. 1943లో డ్రైస్‌బాక్, ఫైఫర్ అనే పరిశోధకులు కొందరికి కొన్ని రోజులు కెఫీన్ ఇచ్చి, చెప్పకుండా దాని స్థానంలో మందు లేని గొట్టాలు ఇచ్చి, ఈ తలనొప్పిని ప్రయోగపూర్వకంగా రప్పించారు. 1992లో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 62 మందిని పరీక్షించారు. వారు రోజుకు సగటున 235 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకునేవారు. అంటే విపరీతంగా తాగేవారేమీ కాదు. కెఫీన్ ఆపినప్పుడు వారిలో 52 శాతం మందికి మధ్యస్థమైన లేక తీవ్రమైన తలనొప్పి వచ్చింది.

2004లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన గ్రిఫిత్స్, ఆయనతో కలిసి పనిచేసిన జూలియానో అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించి ఒక కాలక్రమాన్ని తేల్చారు. ఆఖరి కాఫీ తాగిన 12 నుండి 24 గంటలలో లక్షణాలు మొదలవుతాయి. 20 నుండి 51 గంటల మధ్య తీవ్రత శిఖరానికి చేరుతుంది. మొత్తం మీద 2 నుండి 9 రోజులలో అంతా సద్దుమణుగుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాములు, అంటే సుమారు ఒక కప్పు కాఫీ, అలవాటున్నవారికి కూడా ఈ లక్షణాలు రావచ్చు.

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రచురించిన నిర్ధారణ గ్రంథంలో కెఫీన్ విరమణకు స్థానం లభించింది. అందులో చెప్పిన లక్షణాలు అయిదు: తలనొప్పి; అలసట లేక నిద్రమత్తు; దిగులు లేక చిరాకు; మనసు నిలపలేకపోవడం; జలుబు జ్వరం వచ్చే ముందు ఉన్నట్లు వికారం, ఒళ్ళునొప్పులు. దినచర్యకు ఆటంకం కలిగించే స్థాయిలో వీటిలో మూడైనా ఇరవైనాలుగు గంటలలోపున కనబడితే, వేరే జబ్బేదీ కారణం కాకపోతే, అది కెఫీన్ విరమణ. ఇంట్లోవారి చిరాకును దురుసుతనంగా భావించి నొచ్చుకునే ముందు ఈ జాబితాను ఒకసారి తలచుకోవడం మంచిది.

ఉదయపు గ్లాసు ఇచ్చేదేమిటి?

రాత్రి పడుకునే ముందు నుండి తెల్లవారేదాకా కాఫీ లేకుండా గడిచే పది పన్నెండు గంటలు కూడా ఒక చిన్న విరమణే. తెల్లవారి లేచినప్పటి మాంద్యంలో కొంతభాగం నిద్రది కాదు, కాఫీ లేమిది. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పీటర్ రోజర్స్, ఆయన సహచరులు 379 మందిని 16 గంటల పాటు కెఫీన్‌కు దూరంగా ఉంచి పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. బాగా అలవాటున్నవారికి కెఫీన్ ఇచ్చినప్పుడు వారి చురుకుదనం పెరిగిన మాట నిజమే. కాని అది అలవాటు లేనివారి మామూలు చురుకుదనాన్ని మించలేదు. అప్పు చేసినవాడికి వాయిదా కట్టిన నాడు కలిగే తేలికదనం వంటిది ఉదయపు కాఫీ ఇచ్చే హుషారులో చాలాభాగం.

పేరు తెలియని తలనొప్పులు

ఈ విషయం తెలియక ప్రవాసాంధ్రుల ఇళ్ళలో ఎన్నో తలనొప్పులకు తప్పు కారణాలు చెప్పుకోవడం కద్దు.

మొదటిది శని, ఆదివారాల తలనొప్పి. వారం రోజులు ఆరింటికి తాగే కాఫీని సెలవునాడు తీరికగా లేచి పదింటికి తాగుతారు. ఆఫీసు మగ్గులు ఆ రోజు ఉండవు. తలనొప్పి వస్తే ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నందువల్ల అనుకుంటారు.

రెండవది ఉపవాసపు తలనొప్పి. ఏకాదశి, కార్తీక సోమవారం, శివరాత్రి నాడు నిష్ఠగా కాఫీ సైతం మానినవారికి మధ్యాహ్నానికి తల పగిలిపోతున్నట్లుంటే, ఆకలి వల్ల పైత్యం చేసిందంటారు. రంజాన్ మొదటి రోజులలో ముస్లిం మిత్రులకూ ఇదే అనుభవం. యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసంలో వచ్చే తలనొప్పి మీద కూడా పరిశోధనలు జరిగాయి. ఆకలికీ దాహానికీ ఇందులో భాగం ఉండవచ్చు, కాని కాఫీ వంతును మరచిపోరాదు. ఉపవాసానికి వారం ముందు నుండి కాఫీ క్రమంగా తగ్గించుకుంటే వ్రతమూ దక్కుతుంది, తలా నిలుస్తుంది.

మూడవది ప్రయాణపు తలనొప్పి. న్యూజెర్సీకీ ఆంధ్ర, తెలంగాణలకూ మధ్య వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటలు తేడా. విమానంలో నిద్రపోతూ గడిపిన సమయం ఇక్కడి లెక్కన ఉదయపు కాఫీవేళ కావచ్చు.

నాలుగవది శస్త్రచికిత్స నాటి తలనొప్పి. ముందురోజు రాత్రి నుండి ఏమీ తీసుకోకుండా ఉన్నవారికి, ఆపరేషన్ అయిన తరువాత వచ్చే తలనొప్పికి కెఫీన్ లేమి ఒక కారణమని వైద్యులు గుర్తించారు. అమెరికాలో మత్తు వైద్యుల సంఘం నియమాల ప్రకారం పాలు కలపని కాఫీని నీళ్ళతో సమానంగా లెక్కిస్తారు. సాధారణంగా మత్తు ఇచ్చే రెండు గంటల ముందు వరకు అనుమతించవచ్చు. పాలు కలిసిన మన కాఫీ ఆ కోవలోకి రాదు. దానికి ఆరు గంటల ఎడం కావాలి. వైద్యానికి వెళ్ళే పెద్దవారు తాము రోజుకెన్నిసార్లు కాఫీ తాగుతారో ముందుగానే మత్తు డాక్టరుకు చెప్పి, వారి సలహా ప్రకారమే నడచుకోవాలి.

ముందు లెక్క చూసుకోవాలి

మానదలచినవారు చేయవలసిన మొదటి పని ఒక వారం పాటు ఎంత తాగుతున్నదీ కాగితం మీద రాసుకోవడం. అమెరికాలో ఎనిమిది ఔన్సుల మామూలు కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ కప్పులో సుమారు 60, అదే పరిమాణం గల టీలో దాదాపు 45 ఉంటాయి. పన్నెండు ఔన్సుల కోకా కోలాలో 34. పేరున్న కాఫీ దుకాణాలలో ఇచ్చే పదహారు ఔన్సుల గ్లాసు ఒక్కటే 300 దాటవచ్చు. దానిని ఒక కాఫీగా లెక్కిస్తే లెక్క తప్పుతుంది.

మన ఫిల్టరు కాఫీ లెక్క గింజను బట్టి, చికోరీని బట్టి మారుతుంది. అరబికా గింజలో బరువులో సుమారు 1.2 శాతం, రోబస్టాలో సుమారు 2.2 శాతం కెఫీన్ ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు లోయ కాఫీ అరబికా రకం. చికోరీ వేరులో కెఫీన్ అసలే లేదు. అందువల్ల పది గ్రాముల శుద్ధ అరబికా పొడిలో 120 మిల్లీగ్రాములు ఉంటే, 30 శాతం చికోరీ కలిసిన అదే పది గ్రాములలో 84 మాత్రమే ఉంటుంది. డికాషన్ చిక్కగా, నల్లగా కనబడినంత మాత్రాన కెఫీన్ ఎక్కువని చెప్పలేము. ఆ నలుపులో చికోరీ వంతూ ఉన్నది.

మందుల పెట్టెను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇండియా నుండి తెచ్చుకునే అనాసిన్, సారిడాన్ మాత్రలలో కెఫీన్ ఉన్నది. ఇక్కడి ఎక్సెడ్రిన్ మైగ్రేన్ మాత్ర ఒక్కొక్కదానిలో 65 మిల్లీగ్రాములు, అంటే రెండు మాత్రలు వేసుకుంటే ఒక కప్పు కాఫీకి మించి, ఉంటాయి. కాఫీ మానిన తలనొప్పికి ఈ మాత్రలు వేసుకుని “తగ్గింది” అనుకునేవారు నిజానికి కాఫీని మాత్ర రూపంలో పుచ్చుకున్నారన్నమాట. ఇటువంటి మిశ్రమ మాత్రలు నెలకు పది రోజులు, ఆపైన వాడితే మందు వల్లనే తలనొప్పి పుట్టే ప్రమాదమూ ఉన్నది.

నాలుగు వారాల పద్ధతి

ఒక్కసారిగా మానడం కంటె మెల్లగా తగ్గించడం మేలు. 1999లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జరిగిన ఒక పరిశోధన దీనికి ఆధారం. రోజుకు 300 మిల్లీగ్రాములు అలవాటున్నవారికి ఆ మోతాదును 100 కంటె తక్కువకు దించితే గాని గట్టి బాధ కనబడలేదు. 25 మిల్లీగ్రాములు ఇచ్చినా చాలు, తలనొప్పి చెప్పుకోదగినంతగా రాలేదు. ఆఖరి మెట్టు దగ్గరనే జాగ్రత్త ఎక్కువ కావాలని దీని భావం.

ఇందుకు కెఫీన్ తీసివేసిన కాఫీ పొడి చక్కని సాధనం. జర్మనీలోని బ్రెమెన్ నగర వర్తకుడు లుడ్విగ్ రోసేలియస్ ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ పద్ధతిని కనిపెట్టాడు. నేడు అంగళ్ళలో దొరికే అటువంటి కాఫీలో సుమారు 97 శాతం కెఫీన్ తొలగిపోయి ఉంటుంది. మిగిలేది కప్పుకు 2 నుండి 15 మిల్లీగ్రాములు. ఆ కొద్దిపాటి మిగులు కూడా ఇక్కడ ఉపకరిస్తుంది.

మొదటి వారం ఫిల్టరులో మూడు చెంచాల మామూలు పొడికి ఒక చెంచా కెఫీన్ లేని పొడి కలపాలి. రెండవ వారం సగం సగం. మూడవ వారం ఒక చెంచా మామూలు పొడికి మూడు చెంచాల కెఫీన్ లేనిది. నాలుగవ వారం పూర్తిగా కెఫీన్ లేని పొడి. గ్లాసు అదే, పాల నురగ అదే, వేళ అదే. వాసన, వేడి, చేదు వంటి అలవాట్లకు భంగం లేకుండానే రసాయనం తగ్గిపోతుంది. ఏ వారమైనా ఇబ్బంది కలిగితే అదే మెట్టు మీద ఇంకొక వారం ఆగడంలో తప్పు లేదు. ముందుగా తగ్గించవలసినది సాయంత్రపు గ్లాసు. డెట్రాయిట్‌లోని ఒక పరిశోధనలో, పడుకునేందుకు ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించిందని 2013లో వెల్లడయింది.

ఒక్కసారిగానే మానుతామని పట్టుబట్టేవారు శుక్రవారం ఉదయం ఏడింటికి ఆఖరి కాఫీ తాగితే, కష్టమైన గంటలు శనివారం తెల్లవారుజాము నుండి ఆదివారం పది గంటల లోపుగా గడుస్తాయి. ఆ రెండు రోజులు దూరప్రయాణాలు పెట్టుకోరాదు. నిద్రమత్తుతో 80, 287 రహదారుల మీద కారు నడపడం తలనొప్పి కంటె ఎన్నోరెట్లు ప్రమాదకరం.

ఈ రోజులలో నీళ్ళు తగినంత తాగడం, వేళకు భోజనం, అరగంట నడక, అరగంట ముందుగా పడక ఉపకరిస్తాయి. నొప్పి భరించరానిదైతే కెఫీన్ కలపని టైలెనాల్ వంటి మాత్రను సీసా మీద రాసిన మోతాదుకు మించకుండా వాడవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగాలి. కాఫీవేళకు చేతిలో ఏదో ఒక వెచ్చని గ్లాసు ఉండటం కూడా అవసరమే. శొంఠి కాఫీ, ధనియాల కషాయం, జీలకర్ర నీళ్ళు, పలుచని మజ్జిగ మన ఇళ్ళకు కొత్త కాదు. శొంఠి కాఫీలో కాఫీ పొడి వేయకూడదన్నది మాత్రం మరువరాదు.

అన్నిటికంటె కష్టం మర్యాదతో వస్తుంది. తెలుగువారి ఇంటికి వెళితే “కాఫీ తీసుకుంటారా?” అన్నది ప్రశ్న కాదు, ఆదరణ. వద్దంటే ఇంటి ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుందేమోనని వెరచి తాగేవారున్నారు. “కాఫీ మానానండీ, మజ్జిగ ఉంటే పుచ్చుకుంటాను” అంటే ఆదరణను స్వీకరించినట్లే అవుతుంది. ఆతిథ్యమిచ్చేవారు కూడా రెండవసారి బలవంతం చేయకపోవడం నిజమైన మర్యాద.

అందరూ మానవలసిందేనా?

కాదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ సాధారణంగా హాని చేయదని అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ చెబుతున్నది. మితంగా కాఫీ తాగేవారిలో కొన్ని వ్యాధులు తక్కువగా కనబడుతున్నాయనే అధ్యయనాలూ ఉన్నాయి. నిద్రలేమి, గుండెదడ, ఆందోళన, గుండెమంట, అదుపు తప్పిన రక్తపోటు ఉన్నవారు మాత్రం తగ్గించి చూడటం ఉచితం. గర్భిణులు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం సూచన. శాకాహారులలో రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు కాఫీ, టీలు తాగితే ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానిని పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీకి అరగంట నుండి గంట వరకు ఎడం ఇవ్వాలి.

లిథియం, క్లోజపిన్ వంటి మందులు వాడేవారు వైద్యునికి చెప్పకుండా కాఫీ హఠాత్తుగా మానరాదు. కెఫీన్ ఆగినప్పుడు రక్తంలో ఆ మందుల పాళ్ళు మారిపోతాయి. పిల్లల విషయంలో కాఫీ కంటె కోలాలనూ, డబ్బాలలో వచ్చే శక్తి పానీయాలనూ గమనించాలి. శక్తి పానీయాలు పిల్లలకూ కిశోరులకూ తగవని అమెరికా బాలవైద్యుల సంఘం 2011లోనే చెప్పింది.

చివరిగా ఒక హెచ్చరిక. ప్రతి తలనొప్పినీ కాఫీ ఖాతాలో వేయరాదు. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు మసకబారడం వంటివి కనబడితే క్షణం ఆలస్యం చేయక 911కు ఫోను చేయాలి. ముఖ్యంగా ఇండియా నుండి వచ్చి ఉన్న తల్లిదండ్రుల విషయంలో “కాఫీ పడలేదేమో” అని ఊరుకోవడం తగదు. తొమ్మిది పది రోజులు దాటినా తగ్గని తలనొప్పికి కూడా కారణం వేరే ఉండవచ్చు.

మొదట చెప్పుకున్న ఇంటి యజమాని సంగతికి తిరిగి వస్తే, ఆయన ఆఖరి కాఫీ తాగినది డిసెంబరు 31 సాయంత్రం. తల్లి అందించిన గ్లాసు పుచ్చుకున్నది జనవరి 3 సాయంత్రం. అప్పటికి 72 గంటలు గడిచాయి. బాధ శిఖరానికి చేరే గడువు 51 గంటలతోనే ముగిసింది. అంటే ఆయన కొండ ఎక్కడం పూర్తి చేసి, దిగుతూ దిగుతూ సగంలో వెనుదిరిగాడు. ఇంకొక్క వారం రోజులు ఓపిక పట్టి ఉంటే, తన నిద్రలేమికీ గుండెదడకూ కాఫీయే కారణమో కాదో ఆయనకూ, ఆయన డాక్టరుకూ తెలిసి ఉండేది. మరొకసారి ప్రయత్నించేటప్పుడు నాలుగు వారాల మెట్లు ఒక్కొక్కటే దిగితే ఆ తల్లి కంగారు పడవలసిన అవసరమే రాదు. ఆమె చేతి గ్లాసూ తిరస్కరించనక్కరలేదు. అందులోని పొడి మారితే చాలు.